ఒకటో నంబరు పుస్తకానికి మార్కులు

బొమ్మల కథల పుస్తకాలకు మార్కులు వేసే కంపెనీలు ఉంటాయని నాకు యాభై అయిదో ఏట తెలిసింది. చెప్పినవాడు మురళీకృష్ణ. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి మొన్నటి వేసవిలో మానేశాడు. పిల్లల పేపర్లు దిద్దే పని పోయాక వాడికి తోచడం లేదు.

“పదికి వేస్తార్రా,” అన్నాడు ఫోన్లో. “అట్ట ఎలా ఉంది, పిన్నులు తుప్పు పట్టాయా, కాగితం ఎంత ముదిరింది, అన్నీ భూతద్దం పెట్టి చూస్తారు. మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసి పంపిస్తారు. మన ఉల్కాదత్తుడికి వేయిద్దాం.”

“సీలు చేస్తె మల్ల చదివేదెట్ల?”

“ఈ నలభై ఏళ్లలో ఎన్నిసార్లు చదివావేంటి?”

పెట్టె తెరిచి వేపాకు మార్చి మూయడమే తప్ప చదివింది లేదు.

ఉల్కాదత్తుడు అనే బొమ్మల కథను విజయవాడలో ఒక చిన్న ప్రెస్సువాళ్లు నెలకొకటి చొప్పున పన్నెండు నంబర్లు వేసి ఆపేశారు. ఆకాశం నుంచి పడ్డ ఉల్కలో దొరికిన పిల్లవాడు పెరిగి వీరుడవుతాడు. అప్పుడు నేనూ మురళీ ఏడో తరగతి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు పక్కనున్న బంకులో చెరిసగం వేసుకుని కొనేవాళ్లం. వాళ్ల నాన్న మల్లికార్జునరావు గారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి. బొమ్మల పుస్తకం ఇంట్లో కనపడితే నీళ్లపొయ్యిలో పెట్టే మనిషి. మా నాయన నల్లగొండ పల్లె నుంచి వచ్చి సాగర్ రోడ్డు మీద లారీ నడిపేవాడు. నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అందుకని పుస్తకాలు మా ఇంట్లో, మంచం కింద రేకుపెట్టెలో ఉండాలని ఇద్దరం నిర్ణయించాం.

దానికి ఒక ఒట్టు కూడా వేసుకున్నాం. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుళ్లో ధ్వజస్తంభం ముట్టుకుని, ‘మనిద్దరం తప్ప మూడో మనిషి వీటిని ముట్టడు, చేతులు కడుక్కోనిదే మనమూ ముట్టం’ అన్నాం. పన్నెండేళ్ల పిల్లల ఒట్టు అని మురళి ఇప్పుడు నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. ఆ గుడికి నేను ఇప్పటికీ ప్రతి మంగళవారం పోతాను. ధ్వజస్తంభం కనబడినప్పుడల్లా ఒట్టు గుర్తుకొస్తుంది. మేం ఇల్లు మూడుసార్లు మారాం, నాయన పోయాడు, నా పెళ్లయింది, కూతురి పెళ్లీ అయింది. ఆ పెట్టె మీద మాత్రం మా ఇంట్లో ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఒప్పుకున్న మాటను నిలబెట్టుకున్నానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

*

మార్కులు వేసే కంపెనీ విదేశంలో ఉంది. ఇక్కడివాళ్ల పుస్తకాలు ముందుగా చూసి, జాగ్రత్తగా కట్టి అక్కడికి పంపే అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లోనే, కోచింగ్ సెంటర్ల సందులో మూడో అంతస్తులో ఉంది. పేరు బిందుమాధవి. ముప్పై ఏళ్లుంటాయి. మేం పెట్టె మోసుకుని మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చున్నాం. ఆ అమ్మాయి లేచి పోయి చేతులు సబ్బుతో కడుక్కుంది, తుడుచుకుంది, ఆరేదాకా కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడింది. అప్పుడు గాని పుస్తకం ముట్టలేదు. నాకు ఆమె మీద మంచి అభిప్రాయం కలిగింది. పూజకు కూర్చునేవాళ్లు కూడా ఇప్పుడు అంత శ్రద్ధగా కడుక్కోవడం లేదు.

“ఇంతకు మీరు చూసేదేందమ్మా?” అని అడిగాను. “కథ మంచిగుందా లేదా అనా?”

“కథ చూడం అంకుల్. కాగితమే చూస్తాం. ప్రెస్సు నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటే పదికి దగ్గరగా పడుతుంది.”

“అంటె ఎవ్వరు చదవని పుస్తకానికి పదికి పది.”

“దాదాపు అంతే.”

“మరి అచ్చేసింది చదవనీకే కదమ్మా.”

“ఒరేయ్,” అన్నాడు మురళి. “ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనివ్వు. మోటార్ల షాపులో నీ దగ్గరికొచ్చి ఎవడైనా ఇలా అడిగితే ఊరుకుంటావా?”

నాది ఎల్బీ నగర్‌లో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు. అడిగేవాళ్లు అక్కడికీ వస్తారు. నేను చెబుతాను కూడా. అయినా ఊరుకున్నాను.

ఒకటో నంబరు అట్టను ఆమె దీపం కింద అటూ ఇటూ తిప్పింది. “మీరు బాగా దాచారు. పైన చూస్తే ఏడు దాకా రావచ్చనిపిస్తోంది. హామీ ఇవ్వలేను. లోపలి పేజీలు చూడాలి, వారం పడుతుంది.”

మెట్లు దిగుతున్నప్పుడు మురళి కాలు నేల మీద ఆనలేదు. “ఏడంటే డిస్టింక్షన్‌రా. అంతా నీ చలవే. మా ఇంట్లో ఉంటే ఈపాటికి బూడిద,” అని నన్ను ఇరానీ హోటల్‌కు తీసుకుపోయాడు. ఇద్దరం టీలో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తిన్నాం.

వారానికి బిందుమాధవి రమ్మంది. గదిలో లైటు ఆర్పి, కిటికీ తెర వేసి, ఒకటో నంబరులో మూడో పేజీ తెరిచి, దాని మీద ఒక నీలం టార్చి వేసింది.

“పాత మరకలు, జిగురు, ఎవరైనా రంగు దిద్దిన చోట్లు ఈ లైటుకు తెలుస్తాయి. చూడండి.”

పేజీ నిండా పచ్చటి చుక్కలు వెలిగాయి. ముగ్గు వేయడానికి ముందు పెట్టిన చుక్కల్లాగా వరుసలు వరుసలుగా ఉన్నాయి.

“పసుపు,” అంది. “పసుపు ఈ లైటుకు ఇలా మెరుస్తుంది. మామూలు కంటికి కాగితం ముదురు రంగులో కలిసిపోయింది గానీ, చూడటం తెలిసినవాళ్లు లైటు లేకుండానే పట్టేస్తారు. ఒకటో నంబరులో ప్రతి పేజీ ఇంతే. రెండు, మూడు కూడా. తర్వాత తగ్గుతూ వచ్చాయి. వీటితో నాలుగు దాటడం కష్టం.”

మురళి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు.

“తీయించొచ్చా?” అన్నాడు చివరికి.

“బెంగళూరులో ఒకాయన తీస్తారు. కానీ తీయించినట్టు కనిపెడితే లేబుల్ మీద రాసేస్తారు. నెలాఖరుకు నా పార్సెల్ వెళుతుంది. తీయించాలా, ఇలాగే పంపాలా, అసలు వద్దా అన్నది ఆలోగా ఇద్దరూ కలిసి చెప్పండి.” ప్రతి పేజీకీ తీసిన ఫోటోలు నా ఫోన్‌కు పంపింది.

కిందికి వచ్చాక మురళి మెట్రో స్టేషన్ వైపు చూస్తూ, “ఎవరో పులిహోర తింటూ చదివినట్టున్నార్రా మీ ఇంట్లో,” అన్నాడు.

“మా ఇంట్ల ఎవ్వరు ముట్టలే. ఒట్టు.”

“పోనీలే. అయిపోయిందిగా.”

తిట్టినా నాకు అంత నొప్పి కలిగేది కాదు. ‘పోనీలే’ అంటే వాడు నమ్మలేదన్నమాట. నలభై ఏళ్లకు పైగా నా మాట మీద వదిలేసిన పుస్తకాల్లో వాడి సగం ఉంది. ఆ మాట మా ఇంట్లోనే ఎవరో చెడగొట్టారు. ఎవరో తెలుసుకుని వాడికి చెప్పాలి. లేకపోతే ధ్వజస్తంభం ముందుకు నేను ఏ ముఖంతో పోవాలి?

*

ముందు నా భార్య స్వప్నను అడిగాను. ఆమె కూర తరుగుతోంది.

“నాకు గా పుస్తకాలు చదివే తీరికుంటె ఇంకేం గావాలె. పెండ్లయిన కొత్తల ఒక్కసారి పెట్టె జరిపి ఊడిస్తెనే మూడు రోజులు మాట్లాడలే నువ్వు.”

కూతురికి ఫోన్ చేశాను. “డాడీ, నాకు చిన్నప్పుడు ఆ పెట్టెలో పాముంటదని చెప్పినవ్. యాదికుందా? నేనెందుకు ముడతా?” అంది.

మంగళవారం గుడికి పోయాను. ప్రదక్షిణలు చేస్తున్నానే గాని మనసు లేదు. తెలియకుండా తప్పిన ఒట్టు తప్పినట్టా, కాదా? నేను ముట్టనివ్వలేదు. అయినా ఎవరో ముట్టారు. కాపలా వాడు నిద్రపోతే దొంగతనం వాడి తప్పా, కాదా? తీర్థం ఇస్తున్న ముసలి పూజారిగారిని పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

“ఒట్టు ఎక్కడ వేశావు?”

“ఇక్కడనే సామీ.”

“ఎవరికి వేశావు?”

కాసేపు ఆలోచించాను. “మా మురళికి.”

“మరి నన్నడుగుతావేం? ఆయన్నడుగు. స్వామి ఎక్కడికీ పోడు,” అని తర్వాతి వాళ్ల చేతిలో తీర్థం పోశాడు.

మురళిని అడగాలంటే ముందు నాకు సంగతి తెలియాలి. ఆ రోజు మధ్యాహ్నం షాపులో గిరాకీ లేదు. ఫోన్‌లో ఫోటోలు ఒకటో నంబరు నుంచి వరుసగా చూడడం మొదలుపెట్టాను. నేను చదివింది పదో తరగతి. కాని కాలిన మోటారు విప్పి, ఎక్కడ అంటుకుంది, ఎటు పాకింది, ఎక్కడ ఆగింది అని నల్లబడిన తీగను బట్టి చెప్పడం ముప్పై అయిదేళ్లుగా నా బతుకు. మచ్చలు చూడడం నాకు కొత్త కాదు.

పులిహోర కాదని మొదటి ఫోటోలోనే తెలిసిపోయింది. తినే చెయ్యి అంటితే మరక అంచుల్లో ఉంటుంది, పేజీ తిప్పే చోట ఉంటుంది. ఇవి అక్కడ లేవు. బొమ్మల మీద లేవు. మాటల కింద ఉన్నాయి. ఒకటో నంబరులో ప్రతి అక్షరం కింద ఒక చుక్క. మూడో పేజీలో రాజుగారి మాట కింద చుక్క మీద చుక్క పడి ముద్దగా ఉంది. ఎవరో ఆ మాట దగ్గర ఆగిపోయి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చినట్టుంది. రెండో నంబరులోనూ అంతే. నాలుగో నంబరుకు వచ్చేసరికి అక్షరానికి కాదు, మాటకు ఒక చుక్క. ఏడో నంబరులో పొడుగు మాటల కింద మాత్రమే. ‘ఉల్కాదత్తుడు’ అన్న పేరు వచ్చిన ప్రతిచోటా చుక్క తప్పలేదు. తొమ్మిదిలో ఆ పేరు కింద కూడా లేదు. పది, పదకొండు, పన్నెండు శుభ్రంగా ఉన్నాయి.

ఫోన్ కింద పెట్టాను. ఎవరో మా ఇంట్లో పసుపు వేలు అక్షరం కింద ఆనించుకుంటూ ఆ పుస్తకాలతో చదవడం నేర్చుకున్నారు. ఒకటో నంబరులో మొదలుపెట్టి తొమ్మిదో నంబరుకు వచ్చేశారు.

నేను కాదు. నాకప్పటికే చదువొచ్చు. నాకు తమ్ముళ్లు, చెల్లెళ్లు లేరు. నాయన పట్టుకునేది స్టీరింగు, బీడీ. పసుపు చేతులతో పగలంతా ఆ ఇంట్లో ఉన్న మనిషి మా అమ్మ ఒక్కతే. కాని ఆమెకు చదువు రాదు. పింఛను కాగితం మీద ఇప్పటికీ వేలిముద్ర వేస్తుంది. రోజూ సాయంత్రం గుళ్లో కొన్న స్వామివారి మహిమల పుస్తకం నేను చదివితే కూర్చుని వింటుంది. పద్దెనిమిదేళ్లుగా అది నా నియమం.

*

శుక్రవారం పొద్దున మా అమ్మ కౌసల్యమ్మ గడపకు పసుపు రాస్తోంది. డెబ్బై రెండేళ్లొచ్చినా ఆ పని కోడలికి ఇవ్వదు. నేను ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

“అమ్మా, రేకుపెట్టెల నా పుస్తకాలు నువ్వేమన్న ముట్టినవా?”

“ఏ పుస్తకాలు?” తల ఎత్తలేదు.

“బొమ్మలయి. చిన్నప్పటియి.”

“గా రాణి రాసిన ఉత్తరం ఎవలికి దొరకకముందుకే అయిపోగొట్టిండ్రు సూడు, గవేనా?”

రాణి ఉత్తరం సంగతి ఒక్క బొమ్మలోనూ లేదు. పన్నెండో నంబరు చివరి పేజీలో కింద సన్నక్షరాల్లో ఉంటుంది.

“నీకు చదువొస్తదా అమ్మా?”

“మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు ఇంటరు.” గడప మీద చెయ్యి ఆగలేదు. “ఒకటో తరగతిల నువ్వు పలక పట్టుకొని అ ఆ అని మొత్తుకుంటుంటివి. పొయికాడ కూసుండి ఇంటుంటి. ఇని ఇని అక్షరాలు వచ్చినయి. బస్సు బోర్డులు సదువుతుంటి. కలిపి సదవనీకె రాకపోతుండె. నీ పుస్తకాలల్ల బొమ్మ ఉంటది గద, ఆడు గుర్రం మీద కత్తి పట్టుకొని పోతుంటె కింద ఏం రాసి ఉంటదో సగం ఎరుకయితది. మీరిద్దరు బడికి పోంగనె తీసేదాన్ని.”

“మరి చేతులు కడుక్కోవద్దా?”

“పొయి మీద పప్పు పెట్టుకొని సదివేదాన్నిరా. కడుక్కుంట కూసుంటె పప్పు మాడుతది.” కొంచెం ఆగి, “గా పిలగాని పేరు పెట్టినోడు ఎవడో గాని నాకు దొరికితె నాలుగు తగిలిద్దును. గంత కష్టమైన పేరు ఎవడన్న పెడతడా? రాముడని పెడితె ఏం పోయె?” అంది.

“నాయనకెందుకు చెప్పలే?”

“నవ్వుతడని.”

“నాకు?”

“నువ్వు, గా మురళి ఏందో ఒట్టు పెట్టుకున్నరని నువ్వే జెప్తివి. చెప్తె పెట్టె ఇంకోకాడికి పోతది.”

“బ్యాంకుల ఏలిముద్ర ఎందుకేస్తున్నవ్ మరి?”

“సంతకం పెట్టేటోళ్లకు ఫారం ఇచ్చి నింపుకోమంటరు. ఏలిముద్రోళ్లకు ఆళ్లే నింపి, కుర్చీల కూసుండబెడతరు. నాకేం పరేషాని లేదు.”

ఇంకొక ప్రశ్న మిగిలింది. అడగాలంటే నాకే జంకు.

“పొద్దుమూకిన తర్వాత నేను స్వామి పుస్తకం చదువుతుంటె మరి...”

అమ్మ చేతిలో పసుపు గిన్నె పక్కన పెట్టింది. “ఎక్కడెక్కడ పేజీలు దాటేస్తవో నాకు ఎర్కనే. లంకల అడుగుపెట్టే కాడ రెండు, సంజీవని కాడ ఒకటి. షాపుకాడికెల్లి పానం పోయినట్టు ఒస్తవ్. ఏమంటం బిడ్డా? తెల్లారి నువ్వు పోయినంక నేను సదువుకుంట.”

నేను లేచి లోపలికి పోయాను. నా నియమానికి పద్దెనిమిదేళ్లుగా ఇంకొకరు లోటు పూడుస్తున్నారని ఇప్పుడు తెలిస్తే ఏమనుకోవాలో నాకు తోచలేదు. సిగ్గుపడ్డాను. నవ్వు కూడా వచ్చింది.

*

మరునాడు మురళిని షాపుకు రమ్మన్నాను. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. మోటార్ల మధ్య స్టూలు తుడిచి కూర్చోబెట్టి, ఫోటోలు వరుసగా చూపించాను. ఎవరో చెప్పాను. చివరికి, “నా మాట తప్పింది మురళీ. మా ఇంట్లనే తప్పింది. నువ్వేమన్నా పడతా,” అన్నాను.

వాడు ఒకటో నంబరు ఫోటోలకు వెనక్కి పోయి మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఏడో నంబరు దగ్గర ఆగి, వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు.

“నేను మూడు నెలల్లో సిలబస్ పూర్తి చేయిస్తానని బోర్డు పెట్టుకుని బతికాన్రా,” అన్నాడు. “ఎంతమంది టీచర్లు, ఎన్ని పుస్తకాలు, ఎన్ని టెస్టులు. ఈవిడ పప్పు గుత్తి పక్కన పెట్టుకుని... పద. ఇంటికి పద.”

ఇంట్లో అమ్మ వాణ్ణి చూసి కొంగు సర్దుకుంది. తిట్టడానికి వచ్చాడనుకుంది. “తప్పయింది మురళీ. గప్పుడు తెల్వక ముట్టిన.”

“అది సరే గానీ పిన్నిగారూ, మంత్రి ద్రోహి అని మీకెప్పుడు తెలిసింది?” అన్నాడు వాడు, బూట్లు విప్పుకుంటూ.

అమ్మ నా ముఖం చూసి, వాడి ముఖం చూసింది. “ఆరో దాంట్లనే. ఆడు రాజు తానకు పోయినప్పుడల్ల తలుపు వెనుకకెల్లి ఒస్తడు. మంచోడు తలుపు వెనుకకెల్లి ఎందుకొస్తడు?”

“నాకు పదకొండు దాకా తెలియలేదండీ.”

“నువ్వు బొమ్మలు సరిగ్గ సూడవు. ఉరుకుతవ్.”

“మా నాన్న భయం. మీ ఇంట్లో పావుగంటలో చదివేసి పరిగెత్తేవాణ్ణి. ఒక్కొక్కటి ఒక్కసారే చదివాను.”

“పన్నెండోది?”

“అది అసలు చదవనే లేదు. అప్పుడు పరీక్షలు. తర్వాత కాలేజీ, ఉద్యోగం. చదివాననే అనుకుంటూ వచ్చాను. ఉత్తరం సంగతి వీడు ఇందాక చెబితే గాని గుర్తు రాలేదు నేను చదవలేదని.”

ఆ తర్వాత వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. స్వప్న టీ ఇచ్చింది. నేను పక్కన కూర్చున్నాను గాని నాకు వాళ్లంత గుర్తు లేదు. దాచడం మీద పెట్టిన శ్రద్ధ చదవడం మీద పెట్టలేదేమో అనిపించింది. పెట్టెను కాపాడినవాణ్ణి నేను. కథను కాపాడింది ఆమె. ఏది పెద్ద పని? నాకు తెలియదు. రెండూ కావాలేమో.

చివరికి నేనే అన్నాను. “మరి ఒట్టు సంగతేంది?”

మురళి టీ కప్పు కింద పెట్టాడు. “మూడో మనిషి ముట్టకూడదని ఎందుకన్నాం? పాడు చేస్తారనేగా. ఆవిడ పాడు చేసిందేంటి ఇందులో? మనిద్దరం డబ్బులు వేసుకున్నాం, నువ్వు దాచావు, ఆవిడ చదివింది. ఇవి ముగ్గురివి. వచ్చే మంగళవారం గుడికెళితే నా మాటగా అలా చెప్పు. నమ్మలేనట్టు ‘పోనీలే’ అన్నాను చూడు, దానికి నేనే చెప్పుకోవాలి నీకు.”

నా గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. అమ్మకు ఈ మాటలన్నీ అర్థం కాలేదు. “ఇంతకు గా మార్కులు ఏసేదానికి పంపుతరా లేదా?” అంది.

మురళి వివరించాడు. పసుపు తీయిస్తే మార్కు పెరగవచ్చు. తీయించకపోతే తక్కువే. ఎట్లా పంపినా పెట్టెలో సీలయి వస్తుంది, మళ్లీ తెరవరు.

“తీసుడు ఎందుకు? నా ఏలు నేనెందుకు తుడిపించుకుంట?” అంది అమ్మ. “అన్ని పంపకుండ్రి. సీలు వేసినంక సదివేదెట్ల? గా ఒకటోది పంపుండ్రి. మూడు నెలలు సదివిన దాన్ని. అదంటె నాకు ఇసుగొచ్చింది.”

సోమవారం బిందుమాధవికి ఆ మాటే చెప్పాం. ఆమె ఒకటో నంబరు తీసి పెట్టుకుంది. మిగతా పదకొండూ మాకు ఇస్తూ, పసుపు ఎవరిదని అడిగింది. మురళి చెప్పాడు. ఆమె ఫారం నింపడం ఆపి, చుక్కల ఫోటో ఒకసారి మళ్లీ చూసింది. “ఇది రాయడానికి ఫారంలో చోటు లేదు అంకుల్,” అంది. తర్వాత మెల్లగా, “మా పెద్దమ్మ కూడా వేలిముద్రే వేస్తుంది. అడగాలి,” అంది.

మెట్లు దిగాక మురళి పన్నెండో నంబరు పట్టుకుని నిలబడ్డాడు. “ఇది నేను పట్టుకెళతాన్రా. ఇప్పుడు పొయ్యిలో పెట్టేవాళ్లెవరూ లేరు.” సంచిలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని రోడ్డు దాటాడు.

*

నాలుగు నెలలకు ఒకటో నంబరు తిరిగి వచ్చింది. గాజులాంటి గట్టి పెట్టె, పైన లేబుల్, మూలన పెద్ద అంకె. మురళి దాన్ని తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. అమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, గోరుతో గీకి చూసింది.

“ఎంతేసిండ్రు?”

“మూడున్నర పిన్నిగారూ, పదికి.”

నేను మురళి ముఖం చూశాను. ఏడు వస్తుందని ఆశపడ్డవాడు. వాడు నవ్వుతున్నాడు. “నూటికి ముప్పై అయిదన్నమాట. మన దగ్గర ముప్పై అయిదొస్తే పాస్.”

“పాసయిన్నా?”

“పాసే. ఒక్క మార్కు తగ్గినా తప్పేవారు.”

అమ్మ పెట్టెను ఒళ్లో పెట్టుకుని పైన అరచెయ్యి ఆనించింది. “ఫస్టు క్లాసుకు ఎంత రావాలె?”

“అరవై.”

“అయితె గా పన్నెండోది పంపుండ్రి. దాంట్ల నేను ఏలు పెట్టలె.”

“ఇప్పుడే కుదరదు పిన్నిగారూ,” అన్నాడు మురళి. “మా ఆవిడ చదువుతోంది.”